అండానికో ఘడియ – డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ

1978 జూలై 25వ తేదీన ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణంలో లూయీ బ్రౌన్ అనే ఆడపిల్ల పుట్టింది. తల్లి గర్భం వెలుపల, గాజు పాత్రలో ఫలదీకరణం చెందిన అండం నుంచి పుట్టిన మొట్టమొదటి మనిషి ఆమె. ఈ సంగతి సైన్సు చదివిన వాళ్ళందరికీ తెలుసు. రెండు మార్కుల ప్రశ్నగా పరీక్షల్లో కూడా వస్తుంది. అది జరిగిన 70 రోజులకి, అదే ఏడు అక్టోబరు 3న, కలకత్తాలో ఇంకొక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పుట్టుకకి కారకుడైన డాక్టరు పేరు చెప్పమంటే మన క్లాసులో ఎంతమంది చెప్పగలరో నాకు అనుమానమే.

ఆయన పేరు సుభాష్ ముఖోపాధ్యాయ. ముఖర్జీ అని కూడా రాస్తారు. బతికింది యాభై ఏళ్ళు. ఆయన గురించి రాసేవాళ్ళు ఎక్కువగా చివరి మూడేళ్ళ దగ్గరే ఆగిపోతారు. అది కంట తడిపెట్టించే కథ కనక. కాని సైన్సు విద్యార్థులం మనం కాస్త వెనక్కి వెళ్ళి, ఆయన చేసిన పని అసలు ఏమిటి, అందులో ఆయనకి తట్టి ఇతరులకి తట్టనిది ఏమిటి అని చూడడం న్యాయం. నాకు అర్థమైనంతలో అదంతా ఒక్క మాటలో ఉంది: వేళ. స్త్రీ శరీరంలో అండం ఏ ఘడియకి బయటపడుతుంది, అది మనకంటె ముందే తొందరపడితే ఏం గతి, అండానికి మంచిదైన ఘడియ గర్భాశయానికి మంచిది కాకపోతే ఏం చేయాలి – ఆయన జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది.

1931 జనవరి 16న హజారీబాగ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు ఝార్ఖండ్‌లో ఉంది. కలకత్తాలో శరీరధర్మశాస్త్రం ఆనర్సు చదివి, నేషనల్ మెడికల్ కాలేజీలో 1955లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. బోర్డు కట్టుకుని కూర్చుంటే హాయిగా వెళ్ళిపోయేది. ఆయన మళ్ళీ పుస్తకాలు పట్టుకుని 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ప్రత్యుత్పత్తి శరీరధర్మశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. అదీ చాలక స్కాట్లాండు వెళ్ళి, ఎడింబరోలో జాన్ లొరైన్ అనే హార్మోన్ల శాస్త్రవేత్త దగ్గర పనిచేసి 1967లో రెండో డాక్టరేటు సంపాదించాడు. ఒక్క పి.హెచ్‌డి. కోసం మన సీనియర్లు పడుతున్న యాతన చూస్తున్న వాళ్ళం గనక ఇక్కడ ఒక్క క్షణం ఆగి దణ్ణం పెట్టుకోవచ్చు.

ఎడింబరోలో ఆయన పట్టుకున్న పని పైకి చాలా చిన్నది. ల్యూటినైజింగ్ హార్మోను, పొట్టిగా ఎల్.హెచ్. అంటారు, దాన్ని కొలవడానికి అప్పటికి ఉన్న పద్ధతుల కంటె సున్నితమైన పద్ధతి తయారుచేయడం. కొలవడంలో గొప్పేముందని అనిపించవచ్చు. ఉంది. మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నెల మొదట్లో ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను పంపి, అండాశయంలో అండాల సంచులు కొన్నింటిని పెంచడం మొదలుపెడుతుంది. ఆ సంచుల్నే ఫాలికిల్స్ అంటారు. చాలా లేస్తాయి గాని మామూలుగా ఒక్కటే పండుతుంది, తక్కినవి వాడిపోతాయి. పండుతున్న సంచి ఈస్ట్రోజన్ విడుదల చేస్తుంది. అది రక్తంలో ఒక మట్టానికి చేరి అక్కడే కొంతకాలం నిలబడితే, పిట్యూటరీ దాన్ని కబురుగా తీసుకుని ఎల్.హెచ్.ని ఒక్క ఉధృతాన వదిలేస్తుంది. చెరువు తూము ఎత్తేసినట్టన్న మాట. ఆ ఉధృతం మొదలైన సుమారు 36 గంటలకి సంచి చిట్లి అండం బయటపడుతుంది. బయటపడ్డ అండం ఒక రోజు మించి నిలవదు. కనక ఎల్.హెచ్.ని ఎవరు కొలవగలరో వాళ్ళకే అండం ఘడియ తెలుస్తుంది.

ఇది మా ఇళ్ళల్లో చదువురాని వాళ్ళకి కూడా తెలిసిన సంగతే. హార్మోను పేరు తెలియకపోవచ్చు, అంతే. గేదె ఎదకి వచ్చినట్టు పొద్దున కనిపెడితే సాయంత్రం, సాయంత్రం కనిపెడితే మర్నాడు పొద్దున పశువుల ఆసుపత్రికి తోలుకుపోతారు. అరుపు, తీగలు, మేత మానడం – ఇవే మా నాన్నకి పరికరాలు. ఆ పూట ఏ పెళ్ళిపనో తగిలి ఆలస్యమైతే చూడి కట్టదు. మళ్ళీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజుల పాలు ఎవరిస్తారు? పశువుల డాక్టరు పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ క్యాను మూత తీసి సన్నటి గొట్టం పైకి లాగుతుంటే చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఎప్పుడో, ఎక్కడో ఉన్న దున్నపోతు వీర్యం అందులో గడ్డకట్టి ఉంటుంది. మగదాని వేళతో పని లేకుండా పోయింది. ఆడదాని వేళ మాత్రం తప్పడానికి వీల్లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దుర్గ కథకి ఇది కావాలి.

1967లో ముఖోపాధ్యాయ కలకత్తా తిరిగి వచ్చి నీలరతన్ సర్కార్ మెడికల్ కాలేజీలో శరీరధర్మశాస్త్రం బోధించడం మొదలుపెట్టాడు. ప్రభుత్వ ఉద్యోగం, ప్రభుత్వ బదిలీలు. కొన్నేళ్ళకి కలకత్తాకి దూరంగా ఉన్న బాంకురా వైద్య కళాశాలకి వేశారు. పాఠాలు అక్కడ, పరిశోధన ఇక్కడ. భార్య నమిత బడిలో పాఠాలు చెప్పేది. వాళ్ళకి పిల్లలు లేరు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో స్టెప్టో అనే స్త్రీల వైద్యుడు, ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త, వాళ్ళకి తోడుగా జీన్ పర్డీ అనే నర్సు కలిసి ఏళ్ళ తరబడి ఈ పని మీదే ఉన్నారు. మొదట్లో వాళ్ళు హార్మోను ఇంజెక్షన్లు వాడారు. బహిష్టులు ఆగిపోయిన స్త్రీల మూత్రం నుంచి తీసే హెచ్.ఎం.జి. అనే మందు అప్పటికే ఉంది. అది వేస్తే నెలకి ఒకటి బదులు నాలుగైదు అండాలు పండుతాయి. ఒక్క కంకి పండేచోట దుబ్బంతా పండినట్టు. అండాలు దొరికాయి, ఫలదీకరణం జరిగింది, పిండాలు తయారయ్యాయి. కాని గర్భాశయంలో పెడితే నిలవలేదు. ఇంజెక్షన్ల వల్ల ఎగదన్నిన హార్మోన్లు గర్భాశయపు లోపలి పొరని తారుమారు చేస్తున్నాయని వాళ్ళకి అనుమానం వచ్చింది. చివరికి వాళ్ళు ఇంజెక్షన్లు మానేసి, ప్రకృతి నెలకి ఇచ్చే ఒకే ఒక్క అండం కోసం కాపలా కాశారు. తల్లి కాబోయే స్త్రీ మూత్రం కొన్ని గంటలకోసారి పట్టి అందులో ఎల్.హెచ్. కొలిచేవారు. అది పొంగిన వేళ నుంచి లెక్కకట్టి, అర్ధరాత్రైనా అపరాత్రైనా సరే, అండం చిట్లక ముందే తీసేయాలి. ఒక పూట ఆలస్యమైతే అండం పోయినట్టే. లూయీ అలా పుట్టింది.

ఇంజెక్షన్లకి ఇంకో చిక్కు కూడా ఉంది, అది తరవాతి కాలంలో ఇంకా పెద్దదైంది. నాలుగైదు సంచులు ఒకేసారి పెరిగితే ఈస్ట్రోజన్ కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. పాపం పిట్యూటరీకి సంచులు ఎన్నో తెలియదు. దానికి తెలిసింది ఈస్ట్రోజన్ మట్టం ఒక్కటే. ఇంకా సగం పక్వమైన అండాలే ఉన్నా, మట్టం అందిందని ఎల్.హెచ్. తూము ఎత్తేస్తుంది. డాక్టరు సూది తీసుకుని వచ్చేసరికి సంచులు చిట్లిపోయి ఉంటాయి, లేదా చిట్లకుండానే చెడిపోయి ఉంటాయి. పదిరోజుల ఇంజెక్షన్లు, డబ్బు, ఆశ అన్నీ గంగపాలు. ఇలా వేళకి ముందే ఎల్.హెచ్. పొంగడం, అడ్డుకునే మందులు లేని రోజుల్లో, ఇంచుమించు ఐదు ప్రయత్నాల్లో ఒకదాన్ని పాడుచేసేదని చెబుతారు.

ముఖోపాధ్యాయ ఇంగ్లీషువాళ్ళ కంటె భిన్నమైన దారి పట్టాడు. ఆయన ఇంజెక్షన్లు మానలేదు. హెచ్.ఎం.జి.తో ఎక్కువ అండాలు పండించాడు. శరీరం తనంతట తాను తూము ఎత్తేదాకా ఆగకుండా, ఎల్.హెచ్. పనే చేసే హెచ్.సి.జి. అనే ఇంకో ఇంజెక్షను తనే వేసి, అండం ఘడియని తన గడియారం ప్రకారం నిర్ణయించాడు. పాతికేళ్ళ వయసు నుంచీ ఆ హార్మోన్లనే తింటూ తాగుతూ బతికినవాడికి అది చేతనైన పని. అయినా శరీరం ముందే తొందరపడితే ఆపడానికి ఆనాడు ఆయన చేతిలోనూ మందు లేదు. ఆ గండం ఆ తల్లి విషయంలో తప్పింది. ఇక మిగిలింది రెండో చిక్కు – ఇంజెక్షన్లతో తారుమారైన గర్భాశయం. అక్కడే ఆయన అసలు తెలివి కనిపిస్తుంది. ఈ నెల గర్భాశయం బాగాలేకపోతే ఈ నెలే పిండాన్ని పెట్టమని ఎవరు చెప్పారు? పిండాన్ని గడ్డకట్టించి దాచు. ఇంజెక్షన్ల ప్రభావమంతా దిగిపోయి, గర్భాశయం తన మామూలు వరసలో సిద్ధమైన నెలలో కరిగించి పెట్టు. అండం వేళ వేరు, గర్భాశయం వేళ వేరు. రెంటినీ ఒకే ముడి వేయనక్కరలేదు. పశువుల డాక్టరు క్యానులో మగదాని వేళ ఎలా ఆగిపోయిందో, ఇక్కడ పిండం వేళ అలా ఆగిపోయింది. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. 1978లో మనిషి పిండాన్ని గడ్డకట్టించి బతికించిన వాళ్ళు ఆయనకి ముందు ఎవరూ లేరు.

ఒంటరిగా చేయలేదు. అండాలు తీయడానికి సరోజ్‌కాంతి భట్టాచార్య అనే స్త్రీల వైద్యుడు, గడ్డకట్టించే పనికి సునీత్ ముఖర్జీ తోడయ్యారు. ఈ రెండో ఆయన వైద్యుడు కాదు. ఆహార సాంకేతికశాస్త్రం వాడు. ఆహారం చల్లగా నిలవచేసే శాస్త్రం తెలిసినవాణ్ణి పిలిచి పిండం చేతిలో పెట్టడానికి కొంచెం ధైర్యం, బోలెడు బుద్ధి కావాలి. తల్లికి అండవాహికలు దెబ్బతిని ఉన్నాయి. ఇంగ్లండులో పొట్ట మీద రంధ్రం చేసి లాపరోస్కోపుతో అండం తీసేవారు. వీళ్ళు పొట్ట జోలికి పోకుండా, యోని వెనక గోడలో చిన్న కోత పెట్టి ఆ దారిన తీశారు. ఫలదీకరణమైన పిండం ఎనిమిది కణాల దశకి వచ్చాక డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రవంలో ఉంచి గడ్డకట్టించారు. కణంలోని నీరు పదునైన మంచు ముక్కలుగా మారి కణాన్ని కోసేయకుండా ఆ ద్రవం కాపాడుతుంది. 53 రోజులు ద్రవ నైట్రోజన్‌లో ఉంచి, తరవాత కరిగించి, తల్లి గర్భాశయంలో పెట్టారు.

ఆ సెప్టెంబరు ఆఖరులో బెంగాలంతా వరదల్లో మునిగింది. వరదల వెనకే నవరాత్రులు వచ్చాయి. ఆ రోజుల్లో పుట్టింది కనక పిల్లని లోకానికి దుర్గ అని చెప్పారు. అసలు పేరు ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక్కడినుంచి కథ ప్రయోగశాల వదిలి ఆఫీసుల్లోకి వెళుతుంది. పత్రికలు, రేడియో హోరెత్తించాయి. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వానికి చెప్పకుండా పత్రికలకి ఎలా చెప్పాడన్నది మొదటి తగాదా. ఇంత పెద్ద పని ఇంత చిన్న సామగ్రితో ఎలా జరుగుతుందన్నది రెండోది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1978 నవంబరులో ఒక నిపుణుల సంఘం వేసింది. అధ్యక్షుడు మృణాల్ కుమార్ దాస్‌గుప్తా. ఆయన సామాన్యుడు కాదు. ఇంగ్లండులో ఉండగా సిగ్నస్ ఏ అనే రేడియో నక్షత్రమండలం రెండు ముక్కలుగా కనిపిస్తుందని ఇంకొకరితో కలిసి కనిపెట్టినవాడు. కాని రేడియో తరంగాల శాస్త్రవేత్త. మిగతా సభ్యుల్లో స్త్రీల వైద్యులూ శరీరధర్మశాస్త్రజ్ఞులూ ఉన్నారు, అయినా పిండాన్ని గాజులో పెంచినవాళ్ళు గాని, గడ్డకట్టించినవాళ్ళు గాని ఒక్కరూ లేరు. ఎలా ఉంటారు? దేశంలో అలాంటి పని చేసింది ఎదురుగా నుంచున్న ముగ్గురే. సంఘం నమ్మలేదు. ఆయన చెప్పినదంతా అసంభవమని తేల్చింది.

ఒకటి ఒప్పుకోవాలి. సంఘం వాళ్ళందరినీ దుర్మార్గులని తేల్చేస్తే కథ సులువవుతుంది గాని నిజం తగ్గుతుంది. ముఖోపాధ్యాయ దగ్గర ప్రపంచం మెచ్చే పెద్ద పత్రికలో అచ్చయిన వ్యాసం లేదు. ఆ ఏడు ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్‌లో వచ్చిన చిన్న నివేదిక ఉంది. మళ్ళీ అదే ప్రయోగం చేసి చూపించడం ఒక్క రోజులో అయ్యేది కాదు. అన్నిటికంటె ముఖ్యం, సాక్ష్యం అనదగ్గది ఆ పిల్ల ఒక్కతే. తలిదండ్రులు పిల్లని బయట పెట్టడానికి ఒప్పుకోలేదు. సంప్రదాయమైన కుటుంబం. డాక్టరు కూడా వాళ్ళ మాట దాటలేదు. పిల్లని తెచ్చి బల్ల మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో! ఆయన పెట్టలేదు.

పట్నంలో పెరిగిన మిత్రులకి ఇది చాదస్తంగా కనిపించవచ్చు. మా వైపు పెళ్ళయి నాలుగేళ్ళు దాటి కడుపు పండని కోడలికి గొడ్రాలని పేరు పెడతారు. పేరంటాలకి పిలుపు తగ్గుతుంది. సీమంతానికి వెళితే గాజులు తొడిగే పని ఆమె చేతికి ఇవ్వరు. మా బంధువుల్లో నాకు వదిన వరసైన ఒకామె కొన్నేళ్ళ క్రితం ఈ వైద్యమే చేయించుకుంది. అరెకరం మాగాణి అమ్మారు. పొట్ట మీద రోజూ సూది. చల్లగా ఉంచాల్సిన మందు. ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనక ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని కూర్చునేది. ఊళ్ళో ఎవరడిగినా థైరాయిడ్ మందు అని చెప్పాం. పిల్లాడు పుట్టాడు, అంగన్‌వాడీకి పోతున్నాడు, ఇప్పటికీ ఊరికి తెలిసింది థైరాయిడే. ఇవాళే ఇలా ఉంటే 1978లో ఆ తలిదండ్రులు తలుపు వేసుకోవడం నాకు వింతగా లేదు.

వదిన ఫ్లాస్కులో ఉన్న మందు గురించి తరవాత చెబుతాను. ముందు ఆయన సంగతి.

1979 మొదట్లో జపాను నుంచి పిలుపు వచ్చింది. క్యోటోలో తన పని గురించి శాస్త్రవేత్తల ఎదుట చెప్పమని. వాళ్ళు నమ్మారో లేదో వేరే సంగతి, వినడానికి సిద్ధంగా ఉన్నారు. ప్రభుత్వం సెలవు ఇవ్వలేదు. అడిగితే ప్రశ్నలు వేసి సరిదిద్దగల మనుషులు ఉన్న చోటుకి ఆయన వెళ్ళలేకపోయాడు. ప్రశ్నలు వేయడం రాని చోట సమాధానాలు చెప్పుకోవలసి వచ్చింది. ఆ మధ్య గుండెపోటు కూడా వచ్చింది. 1981 జూన్‌లో ఆయన్ని కలకత్తాలోని ప్రాంతీయ నేత్రవైద్య సంస్థకి బదిలీ చేశారు. ఎలక్ట్రోఫిజియాలజీ ప్రొఫెసరు. అంటే కంటికి సంబంధించిన విద్యుత్ సంకేతాలన్న మాట. హార్మోన్లూ లేవు, అండాలూ లేవు, ద్రవ నైట్రోజనూ లేదు. ఇరవై ఏళ్ళ చదువుని ఒక కాగితం మీద సంతకంతో పక్కకి నెట్టారు. 1981 జూన్ 19న ఆయన తన ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నాడు. బడి నుంచి ఇంటికి వచ్చిన నమిత చూసింది. దుర్గకి అప్పటికి రెండేళ్ళు దాటి తొమ్మిదో నెల.

ఆ తరవాత జరిగినవి తేదీల వరసలో చెబితే చాలు. 1981 డిసెంబరు 28న, ఆయన పోయిన ఆరు నెలలకి, అమెరికాలో మొదటి పరీక్షనాళిక శిశువు ఎలిజబెత్ కార్ పుట్టింది. అక్కడి డాక్టర్లు జోన్స్ దంపతులు హెచ్.ఎం.జి. ఇంజెక్షన్లతోనే అండాలు పండించారు. ఆ దారే ప్రపంచమంతా పట్టింది. 1983లో ఆస్ట్రేలియాలో ట్రౌన్సన్, మోర్ గడ్డకట్టించిన పిండంతో గర్భం నిలిపామని ప్రకటించారు. అది కొన్ని నెలలకే పోయింది. 1984లో అక్కడే అలాంటి పిండం నుంచి శిశువు పుట్టింది. డి.ఎం.ఎస్.ఓ.నే వాడారు. అండాలు తీసే దారి కూడా మారింది; అల్ట్రాసౌండ్ చూస్తూ యోని దారినే సూదితో తీయడం ఇప్పుడు అన్నిచోట్లా మామూలు. ముగ్గురు బెంగాలీలు అరువు సామగ్రితో ఎంచుకున్న మూడు దారులూ మూడు రహదారులయ్యాయి.

మిగిలిపోయిన చిక్కు, ఆయన చేతిలో మందు లేదన్నానే, అది తొందరపడే అండం. పిట్యూటరీకి ఆజ్ఞ ఇచ్చేది దానికి పైన మెదడులో ఉండే హైపోథాలమస్. అది పంపే జి.ఎన్.ఆర్.హెచ్. అనే చిన్న హార్మోనులో పదే పది అమైనో ఆమ్లాలు. షాలీ పందుల మెదళ్ళు, గిల్లెమిన్ గొర్రెల మెదళ్ళు లక్షల్లో నూరి పోటీపడి దాన్ని పట్టుకున్నారు. 1977లో నోబెల్ బహుమానంలో వాళ్ళకి భాగం దక్కింది. దుర్గ పుట్టడానికి ముందు ఏడే అది. ఆ పదింటిలో కొన్ని మార్చి కృత్రిమ హార్మోన్లు తయారుచేయడం మొదలుపెట్టారు. 1980ల మధ్య నుంచి వాడిన మొదటి రకం పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. కాలవ మీద లస్కరుకి తూమెత్తమని అదేపనిగా కబుర్లు పంపుతూ ఉంటే మొదటి రెండు మూడు రోజులు ఎత్తేస్తాడు. ఆ తరవాత విసిగిపోయి ఎవరు చెప్పినా వినడు. పిట్యూటరీ కూడా అంతే. ముందు ఎగిరి, తరవాత చల్లబడుతుంది. పని జరుగుతుంది గాని రెండు మూడు వారాల ఇంజెక్షన్లు ముందుగానే కావాలి.

రెండో రకం లస్కరుతో మాట్లాడదు. పోయి తూము పిడి పట్టుకుని నుంచుంటుంది. అసలు కబురు వచ్చినా పిడి ఖాళీగా ఉండదు. మొదట చేసిన నమూనాలు ఒంటి మీద దద్దుర్లు, వాపులు తెచ్చేవి. వాటిని సరిచేయడానికే చాలా ఏళ్ళు పట్టింది. సెట్రోరెలిక్స్, గనిరెలిక్స్ అనేవి 1999 నుంచి అనుమతి పొంది వాడుకలోకి వచ్చాయి. సెట్రోరెలిక్స్ అయితే షాలీ ప్రయోగశాలలో పుట్టినదే. అండాలు పెంచే ఇంజెక్షన్లు మొదలైన ఐదో రోజునో ఆరో రోజునో మొదలుపెట్టి, రోజుకి పావు మిల్లీగ్రాము చొప్పున పొట్ట చర్మం కింద వేస్తారు. కొన్ని గంటల్లోనే ఎల్.హెచ్. తగ్గుతుంది. అండాలు పక్వమయ్యేదాకా తూము మూసి ఉంటుంది. పక్వమయ్యాక డాక్టరే ఘడియ నిర్ణయించి చివరి ఇంజెక్షను వేసి, 34 నుంచి 36 గంటలకి అండాలు తీసేస్తారు. వదిన ఫ్లాస్కులో ఉన్నది ఇదే.

దీనికి ఇంకో లాభం ఉంది. అండాలు మరీ ఎక్కువ పండిన స్త్రీకి హెచ్.సి.జి. వేస్తే ఒక్కోసారి పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. తూము పిడి పట్టుకున్న ఈ మందు వాడినవాళ్ళకి హెచ్.సి.జి. బదులు మొదటి రకం మందునే ఒక్క మోతాదు వేసి, దాని తొలి ఎగురుడుతోనే అండాన్ని పక్వం చేయించవచ్చు. అప్పుడు ఆ అపాయం బాగా తగ్గుతుంది. కాని ఆ నెల గర్భాశయం పిండాన్ని నిలుపుకునే స్థితిలో ఉండదు. అందుకని ఏం చేస్తారు? పిండాలన్నీ గడ్డకట్టించి దాచి, గర్భాశయం కుదుటపడ్డ తరవాతి నెలల్లో పెడతారు. ఈ పద్ధతి ఇప్పుడు ఏ పెద్ద పట్నంలోనైనా ఉంది. 1978లో అసంభవమని సంఘం తేల్చింది కూడా ఇదే.

ఆయన పేరు తిరిగి బయటికి తెచ్చినది ఆయన స్థానం దక్కినవాడే. 1986 ఆగస్టు 6న బొంబాయిలో ఇందిరా హిందూజా, టి.సి. ఆనంద్ కుమార్ చేతుల మీదుగా హర్ష పుట్టింది. దేశంలో మొదటి పరీక్షనాళిక శిశువు అని ప్రభుత్వ లెక్కల్లో ఎక్కింది. 1990లో తపన్ సిన్హా హిందీలో ఏక్ డాక్టర్ కీ మౌత్ అనే సినిమా తీశాడు. రమాపద చౌధురి కథ ఆధారం. అందులో డాక్టరు కనిపెట్టేది కుష్ఠువ్యాధికి టీకా, కాని ఎవరి కథో బెంగాలులో అందరికీ తెలుసు. 1997లో ఆనంద్ కుమార్ కలకత్తా ఒక సభకి వెళ్ళినప్పుడు ముఖోపాధ్యాయ రాతప్రతులు, కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. కూర్చుని చదివాడు. చదివి, మొదటివాణ్ణి నేను కాదు, ఆయనే అని కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం రాశాడు. పదకొండేళ్ళుగా తన పేరు మీద ఉన్న కీర్తిని తనే తీసి పక్కన పెట్టాడు. అంతకుముందు సంఘం చూసిన పని కూడా అదే. ఈసారి చదివినవాడు అదే పని స్వయంగా చేసినవాడు. తరవాత భారత వైద్య పరిశోధన మండలి కూడా దుర్గ పుట్టుకని గుర్తించింది. ఆనంద్ కుమార్ 2010లో పోయాడు. ఆ ఏడే ఎడ్వర్డ్స్‌కి నోబెల్ వచ్చింది.

దుర్గ 2003లో, ఇరవై ఐదేళ్ళ వయసులో, తన డాక్టరు జ్ఞాపకార్థం జరిగిన సభకి వచ్చి తనే దుర్గనని చెప్పింది. అసలు పేరు కనుప్రియా అగర్వాల్.